ఉద్యోగ విరమణ – రెండు తేదీలు

సూర్యాపేట జిల్లాలో కోదాడకు దక్షిణంగా, కృష్ణానదికి చేరువలో మేళ్లచెరువు అనే ఊరు ఉంది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది నల్లగొండ జిల్లాలో భాగం. ఇక్కడి స్వయంభూ శంభులింగేశ్వరుని ఆలయం, ఏటా మహాశివరాత్రికి జరిగే జాతర చుట్టుపక్కల జిల్లాలకు కూడా తెలిసినవే. ఆ జాతరకు వచ్చే యాత్రికునికి దూరం నుండి మొదట కనిపించేవి మాత్రం సిమెంటు కర్మాగారాల పొగగొట్టాలు. ఈ నేల అడుగున సున్నపురాయి విస్తారంగా ఉండటమే అందుకు కారణం. ఒకప్పుడు వర్షాన్నీ, కాలువ నీటినీ నమ్ముకొని బ్రతికిన అనేక కుటుంబాలకు ఈ కర్మాగారాలు నెలజీతాన్ని పరిచయం చేశాయి. నెలజీతంతో పాటు పీఎఫ్, పింఛను, పదవీ విరమణ అనే కొత్త మాటలు కూడా వాళ్ల ఇళ్లలోకి వచ్చాయి.

రైతుకు పదవీ విరమణ లేదు. నాగలి పట్టగలిగినంత కాలం పడతాడు. పట్టలేనినాడు కొడుకు చేతికి అందిస్తాడు. కర్మాగారంలో అట్లా కాదు. క్వారీలో రాయిని పగలగొట్టి, క్రషర్‌లో నలగగొట్టి, దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కిల్న్‌లో కాల్చి క్లింకర్‌గా మార్చడం రాత్రింబవళ్లు ఆగకుండా సాగే పని. మూడు షిఫ్టులలో మనుషులు మారతారే గాని కిల్న్ చల్లారదు. పాతికేళ్లు రాత్రి షిఫ్టులు చేసిన దేహం ఒకనాటికి అలసిపోతుంది. అది ఏనాడో చెప్పడం కష్టం గనుక, చట్టమూ యాజమాన్యమూ కలిసి ఒక వయస్సును నిర్ణయిస్తాయి.

చిక్కు అక్కడే మొదలవుతుంది. ఉద్యోగి జీవితంలో ఈ సందర్భానికి సంబంధించి ఉన్నది ఒక తేదీ కాదు, రెండు తేదీలు. పని మానవలసిన తేదీ ఒకటి. పింఛను పుచ్చుకోవడం మొదలుపెట్టవలసిన తేదీ మరొకటి. ప్రభుత్వోద్యోగి విషయంలో సాధారణంగా ఈ రెండూ ఒకే రోజున వస్తాయి. ముప్పయ్యో తేదీన పూలదండ వేసి సాగనంపుతారు, ఆ మరుసటి రోజు నుండి పింఛను లెక్క మొదలవుతుంది. ఈ దృశ్యం అందరికీ అలవాటైనది కాబట్టి, ప్రైవేటు కర్మాగారంలో కూడా అట్లాగే జరుగుతుందని కార్మికులు అనుకుంటారు. ఆ అపోహకు చెల్లించే మూల్యం కొన్ని కుటుంబాలలో చాలా ఎక్కువ.

వృద్ధాప్యపు పింఛనుకు వయస్సు గీత గీసిన తొలి దేశాలలో జర్మనీ ముఖ్యమైనది. బిస్మార్కు ప్రధానిగా ఉండగా 1889లో వచ్చిన ఆ చట్టంలో పింఛను వయస్సు 70 ఏళ్లు. 1916లో దానిని 65కు తగ్గించారు. ఆ రోజుల్లో శ్రామికుల్లో ఎంతమంది డెబ్బయ్యో ఏడు చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. మన దేశంలో స్వాతంత్ర్యానంతరం కార్మికుల భవిష్య నిధి చట్టం 1952లో వచ్చింది. అది మొదట వర్తించినవి ఆరే ఆరు పరిశ్రమలు. వాటిలో సిమెంటు పరిశ్రమ ఒకటి. 1971లో కుటుంబ పింఛను పథకం తోడైంది. దాని స్థానంలో 1995 నవంబరు 16 నుండి ఉద్యోగుల పింఛను పథకం అమలులోకి వచ్చింది. మేళ్లచెరువు కార్మికుని వృద్ధాప్యానికి ఆధారమైన పథకం ఇదే.

పింఛను దయాదాక్షిణ్యాలతో ఇచ్చేది కాదని, ఉద్యోగి చేసిన సేవకు ప్రతిఫలంగా సంపాదించుకొన్న హక్కు అని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో స్పష్టం చేసింది. అందుకే ఆ తేదీని పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అయితే హక్కు ఉన్నంత మాత్రాన దాని తేదీ ఎప్పుడూ ఉద్యోగి చేతిలో ఉంటుందని కాదు. తెలుగునాట ఈ సంగతిని అనుభవపూర్వకంగా తెలుసుకొన్న తరం ఒకటి ఉంది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించింది. నిరుద్యోగ యువతకు అవకాశం కల్పించడం అప్పటి వాదన. ఆ ఫిబ్రవరి 28న, 55 దాటిన వేలాది ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. కూతురి పెళ్లికి, ఇంటి అప్పుకు మరో మూడేళ్ల జీతాన్ని లెక్కలో వేసుకొన్నవారికి ఆ లెక్క ఒక్కరోజులో తారుమారైంది. 1984 ఆగస్టు 23 నుండి మళ్లీ వయస్సు 58 అయింది. నడిమధ్య విరమించినవారి సంగతేమిటన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటికి 58 నిండనివారికి కూడా ఆ మేలు దక్కాలని 1985లో తీర్పు వచ్చింది. ఆ తరువాత గాలి ఎదురు దిశలో వీచింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60గా, 2022లో 62గా, తెలంగాణలో 2021 మార్చిలో 61గా విరమణ వయస్సు పెరిగింది. తగ్గించినప్పుడు యువకుల పేరు చెప్పారు. పెంచినప్పుడు అనుభవజ్ఞుల సేవల పేరు చెప్పారు. ఖజానా పరిస్థితి రెండు సందర్భాలలోనూ వినిపించని కారణంగా ఉండి ఉంటుందని అనుకొనేవారు లేకపోలేదు.

ప్రభుత్వోద్యోగి తేదీని ప్రభుత్వం నిర్ణయించింది. కర్మాగారపు కార్మికునికి మాత్రం పింఛను తేదీ విషయంలో కొంత స్వేచ్ఛ ఉంది. స్వేచ్ఛ ఉన్నచోట నిర్ణయించే భారం కూడా ఉంటుంది.

1995 పథకం ప్రకారం పింఛను వయస్సు 58 ఏళ్లు. కనీసం పదేళ్ల సేవ ఉండాలి. పథకంలోకి ఉద్యోగి జేబు నుండి నేరుగా ఏమీ పోదు. యాజమాన్యం వంతు చందాలో 8.33 శాతం ఇటు మళ్లుతుంది, కేంద్ర ప్రభుత్వం 1.16 శాతం కలుపుతుంది. అయితే ఈ లెక్కకు వేతన పరిమితి ఉంది. 2001లో 6,500 రూపాయలుగా ఉన్న ఆ పరిమితిని 2014 సెప్టెంబరు 1 నుండి 15,000 చేశారు. కార్మికుడు ఇరవై నాలుగు వేలు సంపాదిస్తున్నా పింఛను లెక్కలో అతని జీతం పదిహేను వేలే. పింఛను కట్టే సూత్రం సులభమైనదే. పింఛనుకు అర్హమైన వేతనాన్ని సేవా సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. 2014కు ముందున్న సేవకు పాత పరిమితి, తరువాతి సేవకు కొత్త పరిమితి వర్తిస్తాయి.

మేళ్లచెరువులో ఒక కార్మికుణ్ణి ఊహించుకుందాం. నలభయ్యో ఏట, 2006 సెప్టెంబరులో కర్మాగారంలో చేరాడు. అంతకుముందు కౌలు సేద్యం చేశాడు. 2014 నాటికి అతని జీతం పదిహేను వేలు దాటింది. 2024 ఆగస్టు చివరికి 58 ఏళ్లు నిండాయి. పాత పరిమితి కింద ఎనిమిదేళ్లు, కొత్త పరిమితి కింద పదేళ్లు మొత్తం 18 ఏళ్ల సేవ. మొదటి ఎనిమిదేళ్లకు 743 రూపాయలు, తరువాతి పదేళ్లకు 2,143 రూపాయలు కలిపి నెలకు 2,886 రూపాయల పింఛను వస్తుంది. పద్దెనిమిదేళ్లు కిల్న్ వేడిలో పనిచేసిన మనిషికి ఇది పెద్ద మొత్తం కాదు. చిన్న మొత్తం కాబట్టే ఒక్కొక్క వందా లెక్కలోకి వస్తుంది.

అతనికి యాభై ఏడు నడుస్తుండగా క్యాంటీన్‌లో ఒక తోటి కార్మికుడు ఇట్లా అన్నాడనుకుందాం: “అన్నా, కాగితం పెట్టి బయటికొస్తేనే పింఛను ఇస్తరంట.” దానికి అతడు, “నా పింఛను తీసుకునేదానికి నా కొలువు నేనే పోగొట్టుకోవాల్నా తమ్మీ?” అని ఎదురడిగాడు. ఎదురడగడం మంచిదే. ఎందుకంటే ఆ మాట సగమే నిజం.

యాభై ఏళ్లు దాటి 58 నిండకముందే పింఛను కోరేవారికి అది నిజం. వారు ఉద్యోగం మానవలసిందే. పైగా 58కి ఎన్ని ఏళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున పింఛను తగ్గిస్తారు. ఆ తగ్గింపు 58 రాగానే తొలగిపోదు, బ్రతికినంత కాలం అట్లాగే ఉంటుంది. 58 నిండినవారికి మాత్రం ఆ మాట వర్తించదు. 58 నిండిన కార్మికుడు యాజమాన్యం ఒప్పుకొంటే పనిలో కొనసాగుతూనే, జీతం తీసుకొంటూనే, పింఛను కూడా పొందవచ్చు. అప్పటి నుండి పింఛను నిధికి చందా పోవడం ఆగుతుంది. యాజమాన్యం వంతు మొత్తం అతని పీఎఫ్ ఖాతాలోకే చేరుతుంది. ఈ నియమం తెలియక 58 తరువాత కూడా పింఛను దరఖాస్తు పెట్టనివారు, తెలియక ముందే రాజీనామా చేసినవారు, రెండు రకాలవారూ నష్టపోయారు.

ముందే తీసుకొంటే ఏమవుతుందో అదే కార్మికుని లెక్కతో చూడవచ్చు. 55వ ఏట, 2021 ఆగస్టులో మానివేసి ఉంటే సేవ 15 ఏళ్లు. లెక్క ప్రకారం 2,243 రూపాయలు. మూడేళ్లకు 12 శాతం తగ్గించగా చేతికి వచ్చేది 1,974 రూపాయలు. మూడేళ్లలో అతనికి అందేది సుమారు 71,000. కాని 58లో తీసుకొన్న పింఛనుకంటే ఇది నెలకు 912 రూపాయలు తక్కువ. ఆ ముందుగా అందిన సొమ్మంతా 64 ఏళ్లు దాటిన కొన్ని నెలలకే కరిగిపోతుంది. ఆ తరువాత నెలనెలా నష్టమే. మూడేళ్ల జీతం పోయిన సంగతి ఈ లెక్కలో చేర్చనే లేదు. ఊపిరితిత్తులో మోకాళ్లో మొరాయించి పని చేయలేని స్థితి వచ్చినవానికి ఈ లెక్క చూపి ఆపడం న్యాయం కాదు. ఆరోగ్యం ఉండి, తొందరపాటుతో, ఎవరో చెప్పారని మానివేసేవాని విషయం వేరు.

ఆలస్యంగా తీసుకోవడం మరో మార్గం. 2016లో వచ్చిన సవరణ ప్రకారం కోరుకొన్నవారు 60 ఏళ్ల వరకు పింఛనును వాయిదా వేయవచ్చు. వాయిదా వేసిన ప్రతి ఏడాదికి 4 శాతం పెరుగుతుంది. ఇది వినగానే ఆగడమే లాభమని తోస్తుంది. కాని కాగితం మీద పెడితే సంగతి అంత సూటిగా లేదు. చందా కట్టకుండా రెండేళ్లు ఆగితే 2,886 రూపాయలు 3,120 వరకు పెరుగుతాయి. నెలకు సుమారు 235 రూపాయల పెరుగుదల. ఆ రెండేళ్లు వదులుకొన్న పింఛను దాదాపు 69,000. నెలకు 235 చొప్పున దానిని తిరిగి రాబట్టడానికి ఇరవై నాలుగేళ్లకు పైగా పడుతుంది. అంటే ఆ మనిషి 84 దాటి బ్రతకాలి.

చందా కూడా కడుతూ ఆగితే సేవ 20 ఏళ్లవుతుంది కనుక పింఛను 3,580 దాకా చేరుతుంది. పెరుగుదల నెలకు దాదాపు 700 రూపాయలు. ఇక్కడొక మెలిక ఉంది. ఆ రెండేళ్లు నెలకు 1,250 రూపాయలు పీఎఫ్‌లో పడకుండా పింఛను నిధికి పోతాయి. అది మరో 30,000. రెండూ కలిపి తిరిగి రావడానికి పన్నెండేళ్లు, అంటే సుమారు 72వ ఏడు రావాలి. వడ్డీని కలిపితే ఇంకా కొంత ముందుకు జరుగుతుంది. డెబ్బై రెండు చేరడం ఈనాడు అరుదైన విషయం కాదు. అందుచేత చందా కడుతూ ఆగడం ఆలోచించదగినది, చందా లేకుండా ఆగడం చాలామందికి ప్రయోజనం లేనిది అని చెప్పవచ్చు.

ఈ లెక్కలో భార్య వయస్సు కూడా చేరాలి. పింఛనుదారు మరణిస్తే అతని పింఛనులో సగం భార్యకు వస్తుంది. 2,886లో సగం 1,443. 3,580లో సగం 1,790. గ్రామాలలో భార్య భర్తకంటే ఐదారేళ్లు చిన్నదై ఉండటం సామాన్యం. స్త్రీల ఆయుర్దాయం కూడా ఎక్కువే. భర్త 72 చూడకపోయినా ఆమె దీర్ఘకాలం ఆ సగం మీద బ్రతకవలసి రావచ్చు. మగవారు క్యాంటీన్‌లో కూర్చొని వేసుకొనే లెక్కల్లో ఈ అంశం సాధారణంగా కనిపించదు.

ఇక్కడ అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పరిస్థితితో పోల్చి చూడటం ఆసక్తికరంగా ఉంటుంది. అక్కడి సోషల్ సెక్యూరిటీ పథకంలో 1960లో గాని ఆ తరువాత గాని పుట్టినవారికి పూర్తి పింఛను వయస్సు 67. 62లోనే తీసుకొంటే 70 శాతమే వస్తుంది. 70 వరకు ఆగితే 124 శాతం వస్తుంది. అంటే 67 దాటి ఆగిన ప్రతి ఏడాదికి 8 శాతం పెరుగుదల. ఇక్కడి 4 శాతానికి అది రెట్టింపు. కాబట్టి అక్కడి బంధువు ‘ఆగండి’ అని ఫోనులో చెప్పే సలహా అక్కడి వారికి సరిపోవచ్చు, మేళ్లచెరువుకు సరిపోదు. 67 నిండకముందే పింఛను తీసుకొంటూ ఉద్యోగమూ చేసేవారి సంపాదన ఒక పరిమితి దాటితే, దాటిన ప్రతి రెండు డాలర్లకు ఒక డాలరు చొప్పున అక్కడ పింఛను నిలిపివేస్తారు. 67 తరువాత ఆ అడ్డు తొలగిపోతుంది, నిలిపినదానికి తగినట్లు పింఛనును సవరిస్తారు. ముందుగా తీసుకొనేవాడు పని చేయకూడదు, వయస్సు నిండినవాడు చేయవచ్చు అనే భావం మాత్రం రెండు దేశాల నియమాలలోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

తేదీ ఎంచుకొనే అవకాశం అసలు అందరికీ ఉందా? సిమెంటు కర్మాగారాలలో ప్యాకింగు, లోడింగు వంటి పనులు ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులు చేస్తారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త పీఎఫ్ ఖాతా తెరవడం ఒకప్పుడు మామూలు. నాలుగేళ్లు ఒకరి దగ్గర, మూడేళ్లు మరొకరి దగ్గర చేసి, మధ్యలో పండుగకో ఆసుపత్రికో పాత ఖాతాలోని పింఛను సొమ్ము తీసేసుకొన్నవానికి పదిహేనేళ్లు పని చేసినా పదేళ్ల సేవ లెక్కకు రాదు. సొమ్ము తీసుకోవడానికి బదులు స్కీము సర్టిఫికెట్టు తీసుకొని ఉంటే ఆ ఏళ్లు నిలిచేవి. 2014 నుండి ప్రతి సభ్యునికి ఒకే శాశ్వత ఖాతా సంఖ్య ఇస్తున్నందున ఇప్పటి యువకులకు ఈ బాధ కొంత తగ్గింది. పాతవారి ఏళ్లు మాత్రం చెల్లాచెదురైపోయాయి.

పుట్టినతేదీ మరో సమస్య. ఆ తరంలో చాలామందికి పుట్టినరోజు పండుగల గుర్తులతోనే తెలుసు. బడిలో చేర్చేటప్పుడు ఉపాధ్యాయుడు వేసిన అంచనా ఒకటి, ఉద్యోగంలో చేరేటప్పుడు రాయించిన సంవత్సరం ఒకటి, ఆధార్‌లో చేరినది మరొకటి. మూడూ మూడు రకాలుగా ఉంటే, 58 ఎప్పుడు నిండిందో తేలేవరకు పింఛను కాగితం కదలదు. తేదీని సరిదిద్దించుకోవలసింది విరమణకు నెల ముందు కాదు, యాభై దాటగానే.

ఊహించుకొన్న కార్మికుని ఇంట్లో ఒక రాత్రి ఈ లెక్కలన్నీ కొడుకు నోటుపుస్తకంలో రాసి చూపించాడు. అతడు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు, భాగహారాలు అతనికి కష్టం కాదు. 84 అనే అంకె దగ్గరకు రాగానే తల్లి నవ్వింది. “వచ్చే పైసలు వచ్చినప్పుడే తీసుకుందాం. ఎనభై నాలుగేండ్ల దాకా ఎవరుంటరో ఎవరు చూసొచ్చిండ్రు?” తండ్రి చందా కడుతూ ఆగుదామని మొగ్గు చూపాడు. ఏడు వందలు తక్కువేమీ కావన్నాడు. కొడుకు చదువుకు రానున్న రెండేళ్లే ఖర్చెక్కువ అని తల్లి గుర్తుచేసింది. చేతికి 2,886 ఇప్పుడు వస్తే అప్పు చేయనక్కరలేదు. అప్పుకు కట్టే వడ్డీ ముందర పింఛనులోని 4 శాతం పెరుగుదల ఎంత? నోటుపుస్తకంలో లేని ఆ అంకెను ఆమె చేర్చింది. తండ్రి కొంతసేపు మాట్లాడలేదు.

మరుసటి నెల అతడు ఫారం 10-డి నింపాడు. రాజీనామా పత్రం ఇవ్వలేదు. కిల్న్ దగ్గర ఎండదెబ్బ కాచే పని నుండి స్టోర్సుకు మార్చమని మాత్రం యాజమాన్యాన్ని అడిగాడు. పని మానే తేదీ 60 అని ఇంట్లో అనుకొన్నారు, మోకాళ్లు ఒప్పుకొంటే. పింఛను పత్రం వచ్చాక బ్యాంకు పుస్తకంలో రెండు జమలు కనిపించసాగాయి, ఒకటి జీతం, ఒకటి పింఛను. ఏడాదికొకసారి తాను బ్రతికే ఉన్నానని ధ్రువీకరణ ఇవ్వాలని, ముఖమో వేలిముద్రో చూపించి ఆ పని ఊళ్లోనే ముగించవచ్చని కొడుకు చెప్పాడు. పింఛను పుచ్చుకొంటూ ఇంకా షిఫ్టుకు వెళ్తున్న మనిషికి ఆ కాగితం వింతగా తోచింది. అయినా ఆ తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకొని, మధ్యాహ్నపు షిఫ్టుకు బయలుదేరాడు.